విశాఖలో పిల్లలతో షికారు: ఒక పూట, ఒక చోటు, తక్కువ ఖర్చు

విశాఖలో ఉంటూ పిల్లల్ని బయటికి తిప్పడానికి డబ్బులు చాలడం లేదంటే వినేవాళ్లు నవ్వుతారు. సముద్రానికి టికెట్ లేదు, కొండకి టికెట్ లేదు. అయినా ఆదివారం రాత్రి ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే నలుగురున్న ఇంట్లో వెయ్యి, పదిహేను వందలు ఇట్టే అయిపోయి ఉంటాయి. అందులో ప్రవేశ టికెట్లకు పోయింది తక్కువే. వేళ కాని వేళలో బయలుదేరి బస్సు దొరక్క ఆటో ఎక్కడం, పిల్లలకి ఆకలేసిన చోట దొరికిందల్లా కొనడం, వచ్చాం కదా అని ఒకేరోజు మూడు చోట్లు చుట్టడం, అలిసిపోయి ఏడుస్తున్న చిన్నవాడి చేతిలో బెలూనో ఐస్‌క్రీమో పెట్టి ఊరుకోబెట్టడం: ఖర్చంతా ఇక్కడే ఉంది.

కాబట్టి నేను చెప్పే పద్ధతికి ఒకటే షరతు. ఒక పూటకి ఒకే చోటు. ఉదయం కైలాసగిరి, మధ్యాహ్నం జూ, సాయంత్రం ఆర్కే బీచ్ అనే పథకం వేరే ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి పెట్టండి. ఈ ఊరి పిల్లలకి వచ్చే వారం కూడా ఉంది.

మొదట వేళ తేల్చుకోండి

ఎక్కడికి వెళ్దామన్న మాట తర్వాత. ఎన్నింటికి బయలుదేరుతామన్నది ముందు తేలాలి. విశాఖ తూర్పు తీరాన ఉంది కనుక ఇక్కడ త్వరగా తెల్లారుతుంది, త్వరగా పొద్దుగూకుతుంది. జూన్‌లో అయిదున్నర కాకముందే సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకల్లా సూర్యాస్తమయం అయిపోతుంది. హైదరాబాద్ అలవాటుతో శీతాకాలంలో నాలుగున్నరకి ఇల్లు కదిలితే, బీచ్ చేరేసరికి పిల్లలకి మిగిలేది చీకటే.

మార్చి నుంచి జూన్ వరకు ఉదయం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకానే మన వేళ. విజయవాడతో పోలిస్తే ఇక్కడ ఎండ తక్కువే కానీ ఉక్క దారుణం. చెమట ఆరదు, పిల్లలు తొందరగా నీరసిస్తారు. పొద్దున్నే వెళ్తే ఇంకో లాభం ఉంది. ఆర్కే బీచ్ దగ్గర బీచ్ రోడ్డు కొంత మేర తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం వాహనాలు ఆపేస్తారు. రోడ్డు మధ్యలో సైకిల్ తొక్కడమంటే పిల్లలకి ఏ థీమ్ పార్కూ ఇవ్వలేని సరదా.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఉదయమైనా సరే, మధ్యాహ్నం మూడింటి నుంచి చీకటి పడేదాకా అయినా సరే. కాస్త దూరం పోవాల్సిన తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి వంటివన్నీ ఈ నెలలకే దాచిపెట్టుకోండి. జులై నుంచి సెప్టెంబరు దాకా వానను బట్టి చూసుకోవాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది సరిగ్గా ఇక్కడే కదా. ఈ రెండు నెలల్లో ఆకాశం తేటగా ఉన్నా బీచ్‌కి బయలుదేరే ముందు వాతావరణ హెచ్చరిక చూడటం తప్పనిసరి. తుపాను ఎక్కడో ఒడిశా వైపు ఉన్నా కెరటాలు ఇక్కడి దాకా వస్తాయి.

వారం కూడా చూసుకోవాలి. జూ, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం రెండూ సోమవారం సెలవు. స్కూలుకి సోమవారం సెలవొచ్చిందని ఉత్సాహంగా వెళ్లి గేటు ముందు నిలబడే కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి మాత్రం వెళ్లకండి. శనివారం పొద్దున్న అదే బీచ్, అదే ఇసుక, పదో వంతు జనం.

చిన్నవాడి కాళ్లు ఎంత దూరం నడుస్తాయో చూసుకోండి

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే పెద్దవాళ్ల ఇష్టాన్ని బట్టి కాకుండా చిన్నవాళ్ల ఓపికను బట్టి చోటు ఎంచుకోవాలి. నాలుగేళ్ల లోపు వాళ్లకి సబ్‌మెరైన్ ఎందుకు? ఒక ప్లాస్టిక్ డబ్బా, గరిట, ఇసుక ఉంటే గంటన్నర గడిచిపోతుంది. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న బయోడైవర్సిటీ పార్కు ఈ వయసు వాళ్లకి చక్కగా సరిపోతుంది. చిన్నది, నీడ ఉంటుంది, రకరకాల మొక్కలు, కలువలు, సీతాకోకచిలుకలు. ఎటు పరిగెత్తినా కనబడుతూనే ఉంటారు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో, పాత సెంట్రల్ జైలు ఉన్న స్థలంలో కట్టిన సిటీ సెంట్రల్ పార్కు కూడా ఈ వయసుకే.

అయిదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి జంతువులు, రైలు, రాళ్ల మధ్య పీతలు. తొమ్మిది దాటితే కథ కావాలి. "ఇది పాత గోడ" అంటే విసుక్కుంటారు. "రెండువేల ఏళ్ల కింద ఇక్కడ బౌద్ధ భిక్షువులు వాన నీళ్లు పట్టుకుని బతికారు, ఆ తొట్లు ఇవే" అంటే వంగి చూస్తారు.

వయసులు బాగా తేడా ఉన్నప్పుడు పెద్దపిల్లకి ఏదో ఒక బాధ్యత అప్పగించండి. బస్సు నంబరు చూడటం, ఖర్చు రాయడం, ఫొటోలు తీయడం, ఏదైనా సరే. పని లేని పదేళ్ల పిల్ల చేతికి ఫోన్ వస్తుంది, ఆ తర్వాత ఆ పూట మీది కాదు.

చోట్లు

టికెట్ లేని వాటితో మొదలుపెడదాం. అసలు సంగతి వాటిలోనే ఉంది.

రాళ్ల మధ్య నీటి మడుగులు: విశాఖ పిల్లలకి దక్కిన గొప్ప వరం ఇది, పెద్దవాళ్లు ఎక్కువమంది పట్టించుకోరు. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం వైపు, రుషికొండ పక్కన, మంగమారిపేట దగ్గర తీరం ఇసుకతో కాక రాళ్లతో ఉంటుంది. ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ రాళ్ల గుంటల్లో నీళ్లు నిలిచిపోతాయి. వాటిలో ఖాళీ గుల్లల్లో దూరి బతికే సన్యాసి పీతలు, చిన్న చేపలు, ముళ్ల బంతుల్లా ఉండే సముద్రపు అర్చిన్లు, పువ్వులా విచ్చుకుని ఏదైనా తగిలితే ముడుచుకునే అనెమనీలు, రాయికి అతుక్కున్న గవ్వజాతి జీవాలు కనబడతాయి. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన సహజ శిలాతోరణం కూడా ఉంది.

దీనికి వెళ్లే పద్ధతి ఇలా. ఆటుపోట్ల వేళలు ఏ రోజువి ఆ రోజుకి వేరు. రోజుకి రెండు సార్లు పోటు, రెండు సార్లు ఆటు వస్తాయి, మర్నాటికి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకి, పున్నమికి అటూ ఇటూ రెండు మూడు రోజులు నీళ్లు బాగా వెనక్కి పోతాయి, ఎక్కువ రాళ్లు బయటపడతాయి. క్యాలెండర్‌లో ముందు ఆ రోజులు గుర్తుపెట్టుకుని, ఫోన్‌లో ఆటు వేళ చూసుకోండి. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల వేళలు, కెరటాల హెచ్చరికలు ఇస్తుంది. ఆటుకి గంట ముందు చేరి, నీళ్లు మళ్లీ పెరగడం మొదలవగానే వెనక్కి రావాలి. హవాయి చెప్పులు పనికిరావు, పాత స్కూలు బూట్లు వేయించండి. నాచు మీద జారితే రాళ్లమీద ఉన్న గుల్లలు బ్లేడులా కోస్తాయి. ఏ జీవినీ చేత్తో పట్టుకోనివ్వకండి. అందమైన శంకులా ఉండే నత్తల్లో విషం ఉన్నవి ఉన్నాయి. రాయి పైకెత్తి చూస్తే మళ్లీ అలాగే బోర్లించాలి, దాని కింద బతికేవి ఎండకి చస్తాయి.

తాబేళ్లు: జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి తీరం వెంబడి కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో ఇసుకలో పాతిపెడుతుంది. ఏడు వారాలు అటూ ఇటుగా పిల్లలు బయటికొస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటిని సముద్రంలోకి వదులుతారు. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు ఉదయపు నడకకి వెళ్లేటప్పుడు అక్కడి కాపలావాళ్లని మర్యాదగా అడిగి పెట్టుకుంటే ఎప్పుడు వదులుతారో చెబుతారు. ఫ్లాష్ కొట్టకూడదు, దారికి అడ్డం నిలబడకూడదు, ముట్టుకోకూడదు. ఈ మూడూ ముందురోజే ఇంట్లో చెప్పి తీసుకెళ్లండి, అక్కడికెళ్లాక పిల్లలు ఏ మాటా వినే స్థితిలో ఉండరు.

ఫిషింగ్ హార్బర్: ఉదయం ఆరింటికి వెళ్తే బోట్ల నుంచి చేపలు దించడం, వేలం పాట, మంచు గడ్డలు పగలగొట్టడం అన్నీ కనబడతాయి. నేల జారుడు, వాసన ఘాటు, జనం తొందరలో ఉంటారు. అందుకే ఎనిమిదేళ్లు దాటిన వాళ్లకే, అదీ చెయ్యి పట్టుకుని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో వెళ్తే లంగరేసిన బోట్లే కనబడతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక వేట ఆపుతారని చెప్పడానికి అదీ మంచి సందర్భమే అనుకోండి.

తొట్లకొండ: భీమిలి రోడ్డులో ఊరికి పదహారు కిలోమీటర్ల దూరం. నౌకాదళం చేసిన విమాన సర్వేలో బయటపడిన బౌద్ధ క్షేత్రం ఇది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. స్తూపాలు, భిక్షువుల గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడొచ్చు. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా ఇక్కడ దొరికాయి. కొండమీద నిలబెట్టి, ఎదురుగా సముద్రం చూపించి, రోము డబ్బు ఇక్కడికి ఎలా వచ్చుంటుందో మీరే చెప్పండని పిల్లల్ని అడగండి. రోడ్డు మీద నుంచి పైకి నడక పిల్లలకి కాస్త కష్టమే, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లాలి. పైన కొనుక్కోవడానికి ఏమీ దొరకదనుకునే బయలుదేరండి, పర్సుకి కూడా అదే మేలు.

ఎర్రమట్టి దిబ్బలు: భీమిలికి కాస్త ముందు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలం. మంచుయుగంలో సముద్రమట్టం బాగా పడిపోయి, బయటపడిన ఇసుకను వేల ఏళ్లపాటు గాలి ఎత్తి పోసింది, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. ఇంట్లో తుప్పుపట్టిన మేకు ఒకటి ముందు చూపించి తీసుకెళ్తే ఈ ముక్క పిల్లల బుర్రలోకి సులువుగా వెళ్తుంది. దిబ్బల అంచులెక్కడం, మట్టి సంచిలో నింపుకోవడం వద్దు. లోపల వాగు దారులు చీలిపోతూ ఉంటాయి, ఒక మలుపు తిరిగితే పిల్లలు కనబడరు. నీడ లేదు. శీతాకాలం ఉదయం తప్ప మరో వేళ ఇక్కడికి వెళ్లొద్దు.

ఇక టికెట్ ఉన్న చోట్లు. ధర, వేళలు ముందురోజు ఒకసారి చూసుకోండి.

ఇందిరాగాంధీ జూ పార్కు 625 ఎకరాలు. మొత్తం తిరగాలని పట్టుబట్టకండి. గేటు దగ్గర బోర్డు ముందు నిలబడి పిల్లల్ని తలా రెండు జంతువులు ఎంచుకోమనండి, అవి చూసి, నీడలో తిని, వచ్చేయండి. తెరవగానే వెళ్తే జంతువులు తిరుగుతూ కనబడతాయి. పన్నెండుకి వెళ్తే పులి నిద్రపోతూ ఉంటుంది, పిల్లలు "లేపు నాన్నా" అంటారు. ప్లాస్టిక్ కవర్లలో తిండి లోపలికి రానివ్వరు, స్టీలు డబ్బాలే నయం. ఈ జూకి హైవే వైపు ఒక గేటు, బీచ్ రోడ్డు సాగర్‌నగర్ వైపు ఇంకో గేటు ఉన్నాయి. మీ బస్సుకి ఏది దగ్గరో ముందే చూసుకుని, అవతలి గేటు నుంచి బయటికి వెళ్లనిస్తారో లేదో లోపలికి వెళ్లేటప్పుడే అడగండి.

జూకి హైవే మీద ఎదురువైపు కంబాలకొండ. 70 చదరపు కిలోమీటర్లకి పైగా ఉన్న అభయారణ్యం, ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలో ఉండేది. సందర్శకులకి తెరిచింది అందులో చిన్న భాగమే. చెట్ల మధ్య నడక, పడవ షికారు. ఆరేళ్లు దాటాకే తీసుకెళ్లండి. నిండు చేతుల చొక్కాలు, దోమల క్రీమ్ మరవకూడదు. అరుపులు, పాటలు ఉంటే పిట్ట కూడా కనబడదు.

కురుసుర జలాంతర్గామి బీచ్ రోడ్డు మీదే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, 2002 నుంచి మ్యూజియం. 91 మీటర్ల పొడవున్నా లోపల మనుషులు ఒదిగి ఒదిగి బతకాల్సిందే. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, చంటిపిల్లల్ని ఎత్తుకుని వెళ్లడం కష్టం. చీకటి, ఇరుకు అంటే భయపడే పిల్లల్ని బలవంతపెట్టకండి. వాళ్లతో ఒకరు బయట ఉంటే ఒక టికెట్ మిగులుతుంది కూడా. ఎదురుగా టీయూ-142 విమానం. 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసిన ఈ విమానాన్ని 2017లో ఇక్కడికి తెచ్చారు. రెండిటికీ ఒకే రోజు టికెట్ తీయకండి. ఈసారి జలాంతర్గామి, వచ్చేసారి విమానం. విమానం ఎంత పెద్దదో బయటి నుంచి చూసినా తెలుస్తూనే ఉంటుంది. దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం ఉంది, దానికి టికెట్ లేదు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరానికి దగ్గర్లోనే. కురుసుర లోపలికి వెళ్లే ముందు ఆ కథ చెప్పండి.

కైలాసగిరి దగ్గర జాగ్రత్త. లోపలికి వెళ్లడానికి పెద్దగా కాదు. రోప్‌వే, టాయ్ ట్రైన్, ఈమధ్య వచ్చిన గాజు వంతెన, ఒక్కోదానికీ వేరే టికెట్, నలుగురికీ కలిపితే చాలా అవుతుంది. ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి: ఒకటే. నా ఓటు టాయ్ ట్రైన్‌కి. కొండ చుట్టూ తిరుగుతూ సముద్రం, ఊరు రెండూ చూపిస్తుంది. పెద్దపిల్లలుంటే కింది నుంచి మెట్ల దారిలో ఎక్కితే అదే సగం సరదా.

వెళ్లి రావడం

షికారు బడ్జెట్ ఉండేదీ ఊడేదీ ఈ విషయంలోనే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలో ఆడవాళ్లకి, ఆడపిల్లలకి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించి కండక్టర్ దగ్గర జీరో టికెట్ తీసుకోవాలి. అయిదేళ్ల లోపు పిల్లలకి ఎవరికైనా టికెట్ లేదు, పన్నెండేళ్ల దాకా మగపిల్లలకి అర టికెట్. అంటే అమ్మ, ఇద్దరు కూతుళ్లు భీమిలి వెళ్లి రావడానికి చార్జీ సున్నా. నాన్న కూడా వస్తే ఆయన టికెట్ ఒక్కటే.

బీచ్ రోడ్డు వెంబడి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లేది 900కె. కైలాసగిరికి 10కె. హైవే మీద హనుమంతవాక, ఎండాడ, మధురవాడ మీదుగా భీమిలికి 999, జూ, కంబాలకొండ ఈ దారిలోనే. అయినా ఎక్కేముందు "ఫలానా చోట ఆగుతుందా అన్నా" అని ఒక మాట అడగండి, దారి మళ్లింపులు మనకి కొత్త కాదు. సెలవురోజుల్లో మధ్య స్టాపుల్లో ఎక్కితే నిలబడాల్సిందే. పిల్లలుంటే రెండు స్టాపులు వెనక్కి నడిచైనా బస్సు బయలుదేరే చోటే ఎక్కండి, కిటికీ సీటు దొరుకుతుంది. భీమిలి బస్సులో వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, సముద్రం అటే.

ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా తిరిగే ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ వేరే లెక్క. ఒక టికెట్‌తో 24 గంటలు ఎక్కి దిగొచ్చు. పిల్లలకి పై అంతస్తంటే పిచ్చి. దాన్ని రవాణాగా కాక ఆ రోజు వినోదంగా లెక్కేసుకుంటే, ఇంకే టికెట్టూ తీయనక్కర్లేదు.

తిరుగు ప్రయాణం ముందు ఆలోచించాలి. ఆటో ఖర్చు వచ్చేది ఎప్పుడూ తిరిగొచ్చేటప్పుడే. ఆఖరి గంట మిగిలి ఉండగానే, పిల్లలు ఇంకా ఉత్సాహంగా ఉన్నప్పుడే బస్సు స్టాపుకి నడవాలి. ఎర్రమట్టి దిబ్బల వంటి చోట బస్సు దిగగానే తిరుగు బస్సు ఎన్నింటికో ఆ కండక్టర్‌నే అడిగి పెట్టుకోండి.

తిండి సంచి

బీచ్‌లో మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్, తినకుండా రావడం ఈ ఊళ్లో కుదిరే పని కాదు. ఆపడానికి చూడకండి. అది కడుపు నింపుకోవడానికి కాక రుచికి కొనే పరిస్థితి కల్పించుకుంటే చాలు. బండి దగ్గరికి వెళ్లే ముందే ఇంటి డబ్బా ఖాళీ అవ్వాలి.

వేసవిలో పులిహోర నమ్మకమైనది. కొబ్బరి పచ్చడి, బంగాళదుంప కూర పాడవుతాయి, వాటిని ఇంట్లో వదిలేయండి. దద్దోజనం పట్టుకెళ్లాలంటే మెత్తటి అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా, పెరుగు చెంచాడు మాత్రమే కలపండి. మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుని పులుపు లేకుండా ఉంటుంది. నీళ్లు మనిషికి లీటరు, ఎండాకాలం ఇంకాస్త. ఒక ఓఆర్ఎస్ పొట్లం సంచిలో ఎప్పుడూ ఉండనివ్వండి.

ఏ కాలానికి ఆ కాలం చవకగా దొరికేవి ఉన్నాయి కదా. ఏప్రిల్, మే నెలల్లో తాటి ముంజలు, చలికాలంలో తేగలు, వానల్లో కాల్చిన మొక్కజొన్న పొత్తు. ప్యాకెట్ చిప్స్ కంటే మంచివి, ఒలుచుకు తినడానికి పిల్లలకి పావుగంట పని కూడా.

సంచిలో తిండి కాక మరో అయిదు వస్తువులు పెట్టుకోండి: పాత దుప్పటి, పిల్లలకి మార్చే బట్టలు, టవల్, చెత్తకి ఖాళీ సంచి, పౌడర్ డబ్బా. కాళ్లకి అంటిన ఇసుక మీద పౌడర్ చల్లి తుడిస్తే రాలిపోతుంది, నీళ్లు వెతుక్కోనక్కర్లేదు. మరుగుదొడ్డి కోసం చిల్లర విడిగా జేబులో ఉంచుకోండి. బయలుదేరే ముందు ఇంట్లో ఒకసారి, దిగగానే మరోసారి వెళ్లాలన్నది నియమంగా పెట్టుకోండి.

చేతిలో డబ్బు

మేము ఇంట్లో అయిదువందల నోటు ఒకటి తీసి, చిల్లర మార్చి, చిన్న సంచిలో వేసి పెద్దమ్మాయి చేతికిస్తాం. బస్సు, టికెట్, తిండి అన్నీ అందులోంచే. ఫోన్‌పేలు, గూగుల్‌పేలు ఆ పూటకి బంద్, అత్యవసరమైతే తప్ప. స్కాన్ చేస్తే ఎంత పోయిందో తెలియదు. నోట్లు తగ్గుతుంటే పిల్లలకే అర్థమవుతుంది, "గుర్రం ఎక్కితే మిక్చర్‌కి ఉండదేమో" అని వాళ్లే లెక్కలేస్తారు. మిగిలింది వాళ్ల హుండీలోకి. ఈ ఒక్క ఆశతోనే మా చిన్నది బెలూన్లవాడిని చూసి కూడా నోరు మెదపదు.

గుర్రపు స్వారీ, బొమ్మల తుపాకీ లాంటివాటికి బేరం ఎక్కే ముందే ఆడాలి. ఒక రౌండంటే ఎక్కడి నుంచి ఎక్కడికో చేత్తో చూపించి అడగండి.

సముద్రం దగ్గర

ఇందులో పొదుపు గురించి ఏమీ లేదు. కానీ ఇది తెలియకుండా పైన చెప్పినవేవీ చేయొద్దు.

ఆర్కే బీచ్, యారాడ చూడ్డానికి అందంగా ఉంటాయి, దిగడానికి ప్రమాదం. అల ఒడ్డు దగ్గరే బలంగా విరిగి, వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకతో సహా లాగుతుంది. పిల్లలకి చీలమండ మించి నీళ్లు వద్దు. అదీ పక్కన పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడాలి. స్నానమే చేయించాలంటే రుషికొండలో, లైఫ్‌గార్డులు జెండాలు కట్టి చూపించిన మేరలో మాత్రమే.

ఒక విషయం పెద్దవాళ్లకి కూడా తెలియదు. అలలు విరుగుతున్న రెండు చోట్ల మధ్య నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనబడితే పిల్లలకి అదే మంచిదనుకుంటారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ కలిసి సముద్రంలోకి తిరిగి పోయే దారి అదే. ఆ ప్రవాహంలో చిక్కితే ఈతగాళ్లు కూడా నేరుగా ఒడ్డుకి ఈదలేరు. తీరానికి సమాంతరంగా పక్కకి ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకి మళ్లాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకకండి. తేలే వస్తువు ఏదైనా విసిరి, కేకేసి, 112కి ఫోన్ చేయండి.

తప్పిపోవడం ఇంకో భయం. బాల్‌పాయింట్ పెన్నుతో పిల్లల చేతి మీద ఫోన్ నంబరు రాయండి. ముదురు నారింజ, ఎరుపు రంగు చొక్కాలు వేయండి, నీలం వద్దు. దిగగానే ఒక గుర్తు చూపించి, కనబడకపోతే అక్కడికే వచ్చి నిలబడమని చెప్పండి. ఆర్కే బీచ్‌లో అయితే కాళీమాత గుడి. తప్పిపోయిన పిల్లల విషయంలో 1098 కూడా పనిచేస్తుంది.

నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తే

కార్తీక మాసం వస్తే మనకి ఎలాగూ వనభోజనాలు ఉన్నాయి. ముడసర్లోవ పార్కు దీనికి పాత చిరునామా. రిజర్వాయర్ మీద తేలే సోలార్ పలకలు పిల్లలకి చూపించొచ్చు, రెండు మెగావాట్ల కరెంటు పుడుతుంది అక్కడ. ఆదివారాలు, ముఖ్యంగా కార్తీక పున్నమి చుట్టుపక్కల, తెల్లవారక ముందే చెట్టు నీడ పట్టుకోకపోతే ఎండలో కూర్చోవాలి. వీలుంటే మామూలు శనివారం పెట్టుకోండి, ఉసిరి చెట్టు ఆ రోజు కూడా అక్కడే ఉంటుంది.

కలిసి వెళ్లేటప్పుడు ఖర్చు పెంచేది వంట పోటీ. ప్రతి ఇల్లూ అయిదు రకాలు తెస్తే సగం పారేయడమే. ఒక ఇంటికి ఒకే వంటకం: ఒకరు పులిహోర, ఒకరు పప్పు, ఒకరు పెరుగన్నం, ఒకరు పళ్లు, ఒకరు నీళ్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు. విస్తరాకులు వాడితే కడిగే పని ఉండదు. ఆటలకి ఏమీ కొననక్కర్లేదు. ఒక తాడు, ఒక బంతి, గుడ్డముక్క ఉంటే కోతికొమ్మచ్చి నుంచి ఖోఖో దాకా నడుస్తాయి. పిల్లల్ని లెక్కపెట్టే పని మాత్రం గంటకొకరు చొప్పున వంతులు వేసుకోండి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు. వచ్చేటప్పుడు చెత్త సంచి ఎవరు మోయాలో కూడా పొద్దున్నే పేరు పెట్టి చెప్పాలి, మధ్యాహ్నం భోజనం అయ్యాక అడిగితే ఎవరూ లేవరు.

మొదటిసారి ఈ పద్ధతిలో బయలుదేరేవాళ్లు జూతోనో కైలాసగిరితోనో మొదలుపెట్టకండి. ఇంటికి దగ్గర్లో ఉన్న పార్కుకో, తెన్నేటి పార్కుకో శనివారం పొద్దున్న రెండు గంటలు వెళ్లి రండి. నీళ్లెన్ని సరిపోయాయో, చిన్నవాడు ఎక్కడ కూలబడ్డాడో, సంచిలో ఏది తెరవనే లేదో అప్పుడు తెలుస్తుంది. తొట్లకొండకి ఎంత సామాను మోయాలో దాన్ని బట్టి నిర్ణయించుకోండి.